రెండు బొమ్మల మధ్య ఏముంది? క్లాసు కోసం యానిమేషన్ మొదలుపెట్టిన టీచర్‌కి నా సమాధానం

టీచర్ గారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఏడో తరగతికి గుండె పాఠం కోసం పెన్సిల్2డి అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నారు. రెండు వారాలు సాయంత్రాలన్నీ దానికే పెట్టి 40 సెకన్ల యానిమేషన్ చేశారు. అందులో కళ్లూ నోరూ ఉన్న ఒక గుండె నవ్వుతూ ఉంటుంది, వెనక సంగీతం వస్తుంది, ఒక ఎర్ర చుక్క గుండె కుడి వైపు బయల్దేరి ఊపిరితిత్తులకు వెళ్లి ఎడమ వైపుకు వచ్చి శరీరంలోకి పోతుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు, మళ్లీ వేయమన్నారు. వారం తర్వాత చిన్న పరీక్ష పెడితే ఏ గది ఎప్పుడు ముడుచుకుంటుందో సగం మందికి పైగా తప్పు రాశారు. ఇంతకన్నా మంచి సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా, లేక ఇదంతా టైమ్ వేస్టా అని మీ ప్రశ్న.

సాఫ్ట్‌వేర్ మార్చకండి. టైమ్ వేస్ట్ కూడా కాదు. అయితే ఆ 40 సెకన్లలో 35 సెకన్లు తీసేయాల్సి వస్తుంది. ఎందుకో చెప్పే ముందు నా సంగతి ఒకటి చెబుతాను, మీకు కాస్త ఊరటగా కూడా ఉంటుంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా సైన్స్ చెబుతున్నాను. యానిమేషన్ పిచ్చి పట్టి పన్నెండేళ్లయింది. నా మొదటి బొమ్మ నీటి చక్రం. మూడు నిమిషాల పొడవు. చెరువులోంచి నీలం రంగు చుక్కలు ఒక్కొక్కటే లేచి, గాల్లో తేలుతూ, మేఘంలోకి దూరేవి. నాకైతే చాలా ముద్దొచ్చింది. తర్వాత పిల్లల జవాబులు దిద్దుతుంటే ఒకరు కాదు, తొమ్మిది మంది "ఎండకు నీటి చుక్కలు పైకి ఎగురుతాయి" అని రాశారు. పిల్లల తప్పేం లేదు, నేను చూపించిందే వాళ్లు రాశారు. నీటి ఆవిరి కంటికి కనపడదు. చెరువు నుంచి మేఘం దాకా ఉన్న ఆ మధ్య భాగంలో ఏం గీయాలో నాకు తెలియలేదు, చేతికి వచ్చింది గీసేశాను. ఇప్పుడు ఆ పాఠానికి నా దగ్గరున్న క్లిప్ పన్నెండు సెకన్లే. గిన్నెలో నీటి మట్టం మెల్లగా తగ్గుతుంది. పైకి ఏదీ లేవదు. "నీళ్లెక్కడికి పోయాయి?" అని నేను అడుగుతాను. ఆ తర్వాత క్లాసు దానంతటదే నడుస్తుంది.

అసలు విషయం ఇక్కడే ఉంది. యానిమేషన్ చేసేవాళ్ల భాషలో ముఖ్యమైన బొమ్మల్ని కీఫ్రేములు అంటారు, వాటి మధ్య వచ్చేవాటిని ఇన్‌బిట్వీన్లు అంటారు. పాఠ్యపుస్తకంలో ఉండేవన్నీ కీఫ్రేములే. ముందు ఇలా ఉంది, తర్వాత ఇలా అయింది అని రెండు బొమ్మలు, నడుమ ఒక బాణం. బాణం గీసేస్తే రచయిత పని అయిపోతుంది. యానిమేషన్‌లో ఆ సౌకర్యం లేదు. బాణం ఉన్న చోట ఏం జరిగిందో ఒక్కో ఫ్రేమూ, అంటే ఒక్కో బొమ్మా, గీయాల్సిందే. గీయలేకపోతే ఆ విషయం మనకే సరిగ్గా తెలియదని అర్థం. అందుకే క్లిప్ మొదలుపెట్టే ముందు నన్ను నేను ఒక్కటే అడుగుతాను: ఈ పాఠంలో పిల్లలు తడబడేది మధ్య బొమ్మల దగ్గరేనా? అవునంటేనే కంప్యూటర్ తెరుస్తాను. ఆకు భాగాల పేర్లు, ఎముకల పేర్లు, పటంలో నదుల పేర్లు, ఇవన్నీ కదలని విషయాలు. వాటికి సుద్దముక్క చాలు.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. బార్బరా ట్వెర్‌స్కీ, జూలీ మారిసన్, మిరేయ్ బెత్రాంకూర్ అనే ముగ్గురు పరిశోధకులు 2002లో అప్పటిదాకా జరిగిన అధ్యయనాల్ని తిరగేసి చూశారు. కదిలే బొమ్మే మేలని తేల్చిన చాలా చోట్ల, ఆ కదిలే బొమ్మలో కదలని బొమ్మలో లేని అదనపు సమాచారం ఉందని బయటపడింది. సమాచారం సమానంగా ఉన్నప్పుడు ఆ ఆధిక్యం కనపడలేదు. యానిమేషన్ చాలాసార్లు మరీ వేగంగా, మరీ గజిబిజిగా ఉంటుందనీ, కంటికి అందేలోపే దాటిపోతుందనీ కూడా వాళ్లు రాశారు. అది చదివాక కొన్నాళ్లు నాకు ఉత్సాహం చచ్చిపోయింది. తర్వాత ఆలోచిస్తే, వాళ్లు చెప్పింది యానిమేషన్ వద్దని కాదు, ఎక్కడ పడితే అక్కడ వాడితే లాభం లేదని.

మధ్య బొమ్మలంటే ఏమిటో ఒక చిన్న పనిలో చూపిస్తాను. వీలైతే ఇవాళే చేసి చూడండి, అరగంట పడుతుంది. ఒక బంతి పైనుంచి కింద పడాలి. చాలా సాఫ్ట్‌వేర్లలో మొదటి చోటు, చివరి చోటు చెబితే మధ్య బొమ్మలు అదే నింపేస్తుంది. వేరే ఏర్పాటు చేయకపోతే మామూలుగా సమాన దూరాల్లో నింపుతుంది. బంతి పడుతున్నట్టు ఉండదు, లిఫ్టులో దిగుతున్నట్టు ఉంటుంది. పిల్లలకి కూడా ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది, కానీ ఏమిటో చెప్పలేరు. ఇప్పుడు మీ చేత్తో గీయండి. గెలీలియో చెప్పినట్టు సమాన కాలవ్యవధుల్లో పడే దూరాలు 1, 3, 5, 7, 9 నిష్పత్తిలో పెరుగుతాయి. అంటే మొదటి చోటు నుంచి 1, 4, 9, 16, 25 సెంటీమీటర్ల దగ్గర అయిదు బంతులు. సెకనుకు 12 ఫ్రేముల వేగంతో నడిపితే అయిదు ఫ్రేములకు పట్టేది సుమారు 0.42 సెకన్లు. అంతసేపట్లో నిజమైన బంతి సుమారు 85 సెంటీమీటర్లు పడుతుంది. కాబట్టి మీ తెర మీద 25 సెంటీమీటర్లంటే నిజంలో 85 అన్నమాట. నడిపి చూడండి, ఆ బంతికి బరువు వచ్చేస్తుంది. త్వరణం అనే మాట పలకకుండానే పిల్లలు దాన్ని స్కేలుతో కొలిచేస్తారు. రెండు క్లిప్పులూ, అంటే లిఫ్టు బంతీ అసలు బంతీ, పక్కపక్కన పెట్టి "ఏది అబద్ధం?" అని అడగడం నాకు ఇష్టమైన పాఠాల్లో ఒకటి.

మధ్య బొమ్మలు తప్పుగా వేస్తే నష్టం కూడా అంతే గట్టిగా జరుగుతుంది. కదిలే బొమ్మను పిల్లలు నమ్మినంతగా కదలని బొమ్మను నమ్మరు. రుతువుల పాఠానికి భూకక్ష్యను కోడిగుడ్డులా సాగదీసి గీస్తాం, పక్కనుంచి చూసినట్టు కనపడాలని. దాని మీద భూమిని తిప్పగానే సూర్యుడికి దగ్గరైనప్పుడు ఎండాకాలం, దూరమైనప్పుడు చలికాలం అని మనసులో ముద్ర పడిపోతుంది. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. అతి దూరంగా ఉండేది జులై మొదట్లో, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్ల దూరంలో. ఈ కక్ష్యను 20 సెంటీమీటర్ల వెడల్పుతో కచ్చితంగా గీస్తే, దాని పొడవుకీ వెడల్పుకీ తేడా పెన్సిల్ గీత మందం కన్నా తక్కువ. చూడ్డానికి గుండ్రమే. సూర్యుడు మాత్రం నడుమ నుంచి 1.7 మిల్లీమీటర్లు పక్కకి ఉంటాడు, అంతే. కాబట్టి పైనుంచి చూసినట్టు గుండ్రంగా గీసి, రుతువులకి అసలు కారణమైన, భూమి అక్షానికున్న 23.5 డిగ్రీల వంపును ఇంకో చిన్న క్లిప్‌లో పక్కనుంచి చూపించండి. రెండూ ఒకే బొమ్మలో ఇరికించబోయే మనం తప్పులో కాలేస్తాం.

కరెంటు పాఠంలోనూ అంతే. తీగలో ఎలక్ట్రాన్లు రేసు కార్లలా దూసుకుపోతున్నట్టు గీస్తాం. మామూలు రాగి తీగలో అవి ఒక దిక్కుగా జరిగే సగటు వేగం సెకనుకు ఒక మిల్లీమీటరు కన్నా తక్కువే. స్విచ్ వేయగానే బల్బు వెలగడానికి కారణం తీగ నిండా ముందే ఉన్న ఎలక్ట్రాన్లు దాదాపు ఒకేసారి కదలడం మొదలుపెట్టడం. అందుకని తీగ అంతా చుక్కలతో నింపి, అన్నిటినీ ఒకేసారి కాస్త జరపండి. ఇంకోటి, ఘనపదార్థంలో కణాలు కదలకుండా నిలబడి ఉన్నట్టూ, ద్రవంలో దూరదూరంగా తేలుతున్నట్టూ నేను చాలా ఏళ్లు చూపించాను. ఘనంలో కణాలు ఉన్నచోటే అదురుతూ ఉంటాయి, ద్రవంలో దాదాపు ఆనుకునే ఉండి ఒకదాని పక్కనుంచి ఒకటి జారుతుంటాయి. ఈ రెండు తప్పులూ ఒక పదో తరగతి అమ్మాయి పట్టుకుంది. "సార్, నీళ్లలో కణాల మధ్య అంత ఖాళీ ఉంటే సిరంజిలో నీళ్లను నొక్కితే నలగాలిగా?" అంది. నాకు జవాబు లేదు. మర్నాడు ఫైలు మార్చుకొచ్చాను.

ఇక సాఫ్ట్‌వేర్. ఏది గొప్ప అనే చర్చలో నేను దిగను. మీకు కావాల్సిన మధ్య బొమ్మలు ఎవరు వేయాలి అన్నదాన్ని బట్టి ఎంచుకుంటాను.

మధ్య బొమ్మ ప్రతిదీ నా చేత్తోనే వేయాలి, ఆకారమే మారిపోతూ ఉంటుంది అనుకుంటే పెన్సిల్2డి. ఉచితం, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, పాత కంప్యూటర్‌ని కూడా పెద్దగా ఇబ్బంది పెట్టదు. బిట్‌మ్యాప్, వెక్టర్, సౌండ్, కెమెరా అని నాలుగు రకాల లేయర్లే, అంటే ఒకదాని మీద ఒకటి పరిచే పొరలే, ఉంటాయి. కదలని గీతలన్నీ ఒక లేయర్‌లో ఒక్క ఫ్రేమ్‌గా పెట్టేయండి, మళ్లీ ఇంకో ఫ్రేమ్ పెట్టేదాకా అది అలాగే నిలబడి ఉంటుంది. కదిలే భాగానికి మాత్రం వేరే లేయర్. ఆనియన్ స్కిన్ ఆన్ చేసుకుంటే వెనక ఫ్రేమ్ లేతగా కనపడుతుంది, దాని మీద కొలుచుకుంటూ గీయొచ్చు. కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు గుండె మొత్తాన్ని ప్రతి ఫ్రేమ్‌లో మళ్లీ గీయడం. మీ రెండు వారాలు ఎక్కడికి పోయాయో నాకు అనుమానంగానే ఉంది.

ఆకారం మారదు, చోటు మాత్రమే మారుతుంది అంటే పవర్‌పాయింట్ చాలు. 2019, ఆ తర్వాతి వెర్షన్లలో మార్ఫ్ అనే ట్రాన్సిషన్ ఉంది. స్లయిడ్‌ని డూప్లికేట్ చేసి, రెండో దాంట్లో వస్తువుని జరిపి, మార్ఫ్ పెడితే మధ్యదంతా అదే చూసుకుంటుంది. సమాంతర చతుర్భుజ వైశాల్యానికి నేను ఇదే వాడతాను. ఎడమ పక్క త్రిభుజాన్ని విడి ముక్కగా గీసి, రెండో స్లయిడ్‌లో కుడి పక్కకి జరిపితే దీర్ఘచతురస్రం అవుతుంది. ముక్క జరుగుతుండగా ఏదీ పెరగలేదు, ఏదీ తగ్గలేదు అని కంటికి తెలుస్తుంది. దీని పక్కనే ఇంకోటి పెడతాను: దీర్ఘచతురస్రాన్ని కీళ్ల దగ్గర వంచి ఒరిగించేది. ఇది మార్ఫ్‌తో కుదరదు, భుజాల పొడవు మధ్యలో మారిపోతుంది. పెన్సిల్2డిలో ఆరు ఫ్రేములు చేత్తో వేశాను. భుజాల పొడవులు అవే, చుట్టుకొలత అదే, వైశాల్యం మాత్రం కళ్లముందే కరిగిపోతుంది. వైశాల్యానికి వాలు భుజాన్ని కాక ఎత్తును ఎందుకు తీసుకోవాలో ఈ రెండో క్లిప్ చూశాక వేరే చెప్పక్కర్లేదు. పడే వస్తువుకి మోషన్ పాత్ (వస్తువు నడిచే దారి) వాడితే అందులోని స్మూత్ ఎండ్‌ని, అంటే చివర్లో నెమ్మదించే ఏర్పాటుని, సున్నా చేయడం మర్చిపోకండి, లేకపోతే బంతి నేల దగ్గరికొచ్చి మర్యాదగా ఆగుతుంది.

మధ్య బొమ్మ ఎక్కడ ఆగాలో పిల్లలే నిర్ణయించాలి అనుకుంటే స్క్రాచ్, పిల్లలు బ్లాకులు పేర్చి ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్. ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్లు 2007లో విడుదల చేశారు, నెట్ లేకుండా నడిచే రూపం కూడా దొరుకుతుంది. ఒక వేరియబుల్‌ని (మారే విలువని) స్టేజి మీద, అంటే బొమ్మ నడిచే తెర మీద, స్లయిడర్‌గా పెట్టొచ్చు, దాని హద్దులు 0 నుంచి 360గా మార్చొచ్చు. దానికి చంద్రుడి స్థానాన్ని ముడిపెడితే, పిల్లాడు స్లయిడర్ జరిపిన కొద్దీ చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతాడు, పక్కన కళ మారుతుంది. నెలవంక భూమి నీడ వల్ల ఏర్పడుతుందనే అపోహ ఎంత పాతదో మీకు తెలుసు. వెనక్కీ ముందుకీ పదిసార్లు జరిపినవాడికి అది నిలబడదు. నడుస్తున్న సినిమాకి ఆ గుణం లేదు. లెక్కల టీచర్లకి జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ఇదే పని ఇంకా కచ్చితంగా చేసిపెడుతుంది. ఆన్‌లైన్‌లో రెడీమేడ్ బొమ్మలతో అయిదు నిమిషాల్లో వీడియో ఇచ్చేవి చాలా ఉన్నాయి. వాటిలో చేయి ఊపే మనిషి దొరుకుతాడు గానీ ముడుచుకునే జఠరిక, అంటే గుండె కింది గది, దొరకదు. ప్రారంభోత్సవాలకి బాగుంటాయి.

తెలుగు అక్షరాల గురించి ఒక మాట. కొన్ని యానిమేషన్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు టైప్ చేస్తే ఒత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకి జరిగి, చదవడానికి వీలుకాకుండా వస్తాయి. నేను పేర్లన్నీ వర్డ్‌లోనో పవర్‌పాయింట్‌లోనో యూనికోడ్ ఫాంటుతో టైప్ చేసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా దాచుకుని, లేయర్‌గా తెచ్చుకుంటాను. ఇంకా మంచిది, పేర్లు అసలు పెట్టకపోవడం. తెర మీద పేర్లుంటే పిల్లల కళ్లు అటే పోతాయి, కదలిక దాటిపోతుంది. మాట, రాత, బొమ్మ మూడూ ఒకేసారి కుమ్మరించొద్దని విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి చెప్పారు. సంబంధం లేని ముచ్చటైన వివరాలు నేర్చుకోవడానికి అడ్డం పడతాయని కూడా చెప్పారు. మీ గుండెకున్న నవ్వు, ఆ సంగీతం ఈ కోవలోవే. ఏమీ అనుకోకండి, నా మేఘం కూడా నవ్వేది.

క్లాసులో ఎలా వేయాలి అన్నది ఎలా చేయాలి అన్నదానికన్నా ముఖ్యం. మొదటి ఫ్రేమ్ చూపించి ఆపేయండి. "తర్వాతి బొమ్మ మీ నోట్‌బుక్‌లో గీయండి" అనండి. రెండు నిమిషాలు. ఎవరూ ఎవరిదీ చూడకూడదు. అప్పుడు నడపండి. తన బొమ్మకీ తెర మీది బొమ్మకీ తేడా కనపడినవాడు ఇక కళ్లు తిప్పడు. ఊహించకుండా చూసినవాడికి అంతా ముందే తెలిసినట్టే అనిపిస్తుంది, అదే యానిమేషన్‌తో ఉన్న చిక్కు. వీఎల్‌సీ ప్లేయర్లో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం ఉన్న కీ నొక్కితే ఒక్కో ఫ్రేమే ముందుకు కదులుతుంది. నా క్లాసులో ఆ కీ దగ్గర ఎప్పుడూ ఒక పిల్లో పిల్లాడో ఉంటారు. జిఫ్ ఫైళ్లని నేను వాడకపోవడానికి కారణం ఇదే, చాలా ప్లేయర్లలో వాటిని ఆపలేం.

ప్రొజెక్టర్ ఉంటే క్లాసు మొదలయ్యే ముందు ఒకసారి చివరి బెంచీలో కూర్చుని చూడండి. కంప్యూటర్‌లో ముచ్చటగా కనపడే సన్న గీతలు గోడ మీద మాయమైపోతాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు ఒకరిద్దరు ఉండొచ్చు, కాబట్టి రంగుతో పాటు ఆకారంలోనూ తేడా పెట్టండి. సెకనుకు మూడుసార్లకు మించి మెరుపులు కొట్టించకండి, మూర్ఛ ఉన్న పిల్లలకి ప్రమాదం.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. కొన్నాళ్లకి మీరు గీయడం తగ్గించి, పిల్లల చేత చేయించండి. దీనికి ఫోన్ చాలు. స్టాప్ మోషన్ చేసే యాప్ ఒకటి, ఫోన్ కదలకుండా నిలబెట్టడానికి పుస్తకాల దొంతర, ఒకే రకం వెలుతురు. కిటికీ పక్కన పెట్టొద్దు, మబ్బు వచ్చిపోయినప్పుడల్లా బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. సెకనుకు ఆరు ఫోటోలు చాలు, పది సెకన్లకి అరవై. నలుగురికి ఒక జట్టు. ఒకరు ముక్కలు జరపాలి, ఒకరు ఫోటో తీయాలి, ఒకరు లెక్క రాయాలి, నాలుగోవాళ్ల పని ఫ్రేమ్‌లో ఎవరి చెయ్యీ లేదని చూడటం. ఈ నాలుగో ఉద్యోగం చిన్నదనిపిస్తుంది గానీ అది లేకపోతే ప్రతి మూడో ఫోటోలో ఒక వేలు ఉంటుంది.

కిందటేడాది తొమ్మిదో తరగతి పిల్లలు కణవిభజన చేశారు. ఊలు దారం ముక్కలు క్రోమోజోములు, గుండ్రటి కాగితం కణం. పుస్తకంలో వరసగా నాలుగు దశలు, నాలుగు బొమ్మలు ఉన్నాయి. మొదటి దశలో దారాలు చిందరవందరగా ఉంటాయి, రెండోదాంట్లో వరసగా మధ్యలో నిలబడతాయి. ఒక జట్టు మొదటి దశ ఫోటోలు తీసి ఆగిపోయింది. నేను దగ్గరికి వెళ్లేసరికి గొడవ నడుస్తోంది.

"నువ్వు ఊరికే జరిపేస్తున్నావు. అవి వాటంతటవే వస్తాయా మధ్యకి?"

"పుస్తకంలో అలాగే ఉంది కదా."

"పుస్తకంలో వచ్చాక ఉంది. ఎలా వచ్చాయో లేదు."

"సార్, వీటిని ఎవరు లాగుతారు?"

ఎనిమిదేళ్లుగా ఆ పాఠం చెబుతూ కండె పోగుల (క్రోమోజోముల్ని లాగే సన్నటి పోగుల) పేరు బోర్డు మీద రాయిస్తూనే ఉన్నాను. అవి దేనికి అని నన్ను ఎవరూ అడగలేదు. ఆ రోజు వాళ్లు రెండు వైపుల నుంచీ కుట్టు దారాలు తెచ్చి ఊలు ముక్కలకి కట్టి, రెండు పక్కలా లాగుతూ మధ్యకి తెచ్చారు. ఒక పక్క ఎక్కువ లాగితే ముక్క అటు పోయేది, ఇంకో పక్క సరిచేసేవాళ్లు. తర్వాత క్రోమాటిడ్లు, అంటే ఒక్కో క్రోమోజోములోని రెండు సగాలు, విడిపోయే దశకి వచ్చేసరికి అదే దారం ఇంకా కట్టి ఉంది, లాగితే చాలు. ఆ వీడియో చూడ్డానికి ఏమీ బాగోదు, ఒక చోట పెన్సిల్ కూడా పడింది. ఆ పిల్లలకి మాత్రం ఆ దశలు బట్టీ పట్టాల్సిన అవసరం రాలేదు. ఒక షరతు మాత్రం పెట్టుకోండి, ఇలాంటి వీడియోల్లో పిల్లల ముఖాలు గానీ పేర్లు గానీ ఉంటే నెట్‌లో పెట్టకండి.

ఫైళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఏ సాఫ్ట్‌వేర్‌లో చేసినా దాని సొంత ఫైలు ఒకటి, ఎంపీ4 ఒకటి, ముఖ్యమైన ఫ్రేములు పీఎన్‌జీలుగా కొన్ని, ఇలా మూడు రకాలుగా దాచుకోండి. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్ అనే పాత యానిమేషన్ ఫార్మాట్‌కి మద్దతు ఆగిపోయినప్పుడు, ఏళ్ల తరబడి ఆ ఒక్క ఫార్మాట్‌లోనే చేసిన పాఠాలు బ్రౌజర్లలో తెరుచుకోకుండా పోయాయి. మాట రికార్డు చేయాలనుకుంటే గొంతు ముందు రికార్డు చేసి, దానికి తగ్గట్టు బొమ్మ వేయండి. ఉల్టా చేస్తే చచ్చేంత పని. నేనైతే మూగ క్లిప్పే వేసి నోటితో చెబుతాను, ఎవరి ముఖంలో అయోమయం కనపడితే అక్కడ ఆగొచ్చు.

ఇక మీ గుండె దగ్గరికి వద్దాం. పిల్లలు తప్పు రాయడానికి కారణం ఆ ఎర్ర చుక్క అని నా నమ్మకం. ఒకే చుక్క ముందు కుడి వైపు తిరిగి, తర్వాత ఎడమ వైపు వచ్చింది. కాబట్టి ముందు కుడి వైపు ముడుచుకుంటుంది, తర్వాత ఎడమ వైపు అని వాళ్లు అనుకోవడం న్యాయమే. నిజంలో పై గదులైన రెండు కర్ణికలూ దాదాపు ఒకేసారి ముడుచుకుంటాయి, ఆ తర్వాత రెండు జఠరికలూ దాదాపు ఒకేసారి ముడుచుకుంటాయి. ఒక్క చుక్కతో అది చూపించడం కుదరదు. చుక్క తీసేయండి, గోడలు కదిలించండి.

లెక్క కూడా బాగా కుదురుతుంది. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెకి ఒక స్పందనకి 0.8 సెకన్లు పడుతుంది. అందులో కర్ణికలు ముడుచుకునేది 0.1 సెకను, జఠరికలు ముడుచుకునేది 0.3 సెకన్లు, అన్నీ సడలి ఉండేది 0.4 సెకన్లు. సెకనుకు 12 ఫ్రేముల లెక్కన మొత్తం సుమారు పది ఫ్రేములు: కర్ణికలకి ఒకటి, జఠరికలకి నాలుగు, విశ్రాంతికి అయిదు. మీరు గీయాల్సింది ఆ పదే. లూప్ బటన్ నొక్కితే గుండె ఎంతసేపైనా కొట్టుకుంటుంది. వేగాన్ని 12 నుంచి 3కి తగ్గిస్తే అదే గుండె నాలుగో వంతు వేగంతో, పిల్లలకి అందేలా నడుస్తుంది. రక్తానికి నీలం వేయకండి, ఆక్సిజన్ తక్కువున్న రక్తం ముదురు ఎరుపే. పుస్తకంలో నీలం గుర్తు కోసం వేస్తారని ఒక మాట చెప్పండి.

ఆ పదింటిలో రెండో ఫ్రేమ్‌నీ ఆరో ఫ్రేమ్‌నీ జాగ్రత్తగా గీయండి. జఠరికలు ముడుచుకోవడం మొదలవగానే కర్ణికలకీ జఠరికలకీ మధ్యనున్న కవాటాలు మూసుకుంటాయి, అది లబ్. జఠరికలు సడలగానే ధమనుల మొదట్లో ఉన్న కవాటాలు మూసుకుంటాయి, అది డబ్. క్లిప్‌కి శబ్దం పెట్టకండి. 3 ఫ్రేముల వేగంతో నడిపి, కవాటం మూసుకోవడం కనపడినప్పుడల్లా లబ్ అనో డబ్ అనో క్లాసంతా అనాలి. మొదటి రెండు మూడు రౌండ్లు గందరగోళంగా ఉంటుంది, పక్క క్లాసు టీచర్ తొంగి చూస్తారు. తర్వాత వేగాన్ని 12కి పెంచండి, ఎంతమంది అందుకోగలరో చూడండి. అప్పుడు మళ్లీ అదే పరీక్ష పెట్టి, ఏమైందో ఇక్కడే రాయండి. ఆ పది ఫ్రేముల్లో ఎక్కడైనా చెయ్యి ఆగితే కూడా రాయండి, నేను గీసినవి పంపిస్తాను. కవాటాల రెక్కలు గీయడం నాకూ మూడో ప్రయత్నంలోనే కుదిరింది.